సగములో నిలిచిన ఇల్లు

పాఠము: లూకా 14:28–30, యిర్మీయా 32:6–14, మత్తయి 18:15–17, యాకోబు 5:4

ప్రభువు తన్ను వెంబడింపగోరిన వారితో మాటలాడుచు, గోపురము కట్టబూనిన యొకని సంగతి చెప్పెను. వాడు ఖర్చు లెక్క చూచుకొనక పునాది వేసి, ముగింపలేక నలుగురిలో నవ్వులపాలగును. శిష్యత్వమునకు చెల్లింపవలసిన వెలను ఆయన దీనిచేత తెలిపెను. అయితే అక్కడ డబ్బు చాలక పని ఆగినది. మన యొద్ద పలుమారు డబ్బు చెల్లించిన తరువాతనే పని ఆగుచున్నది.

పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతపు కార్ఖానాలలో షిఫ్టు పని చేయు మన సహోదరులు దినమంతయు ఇంటియొద్ద నిలిచి పని చేయించుకొనలేరు. గనుక పాతయింటి బాగుచేతను మేస్త్రీకి గుత్తకిత్తురు. నమ్మకముగా ముగించువారు అనేకులు కలరు. కొందరైతే గూనకప్పు దింపి, గోడలు లేపి, స్లాబుకు డబ్బు తీసికొని, మరియొక ఊరిలో మరియొక పని పట్టుకొందురు. ఈ యింటివారి డబ్బుతో ఆ యింటికి సిమెంటు కొందురు. ఇంతలో వానలు వచ్చును. బయటనున్న సలాకలు త్రుప్పుపట్టును, సిమెంటు సంచులు గడ్డకట్టును, పిల్లలు పట్టా క్రింద తడియుదురు. అప్పుడు విశ్వాసి యేమి చేయవలెను? నోరు మూసికొని ఊరకుండుటయా? మేస్త్రీ యింటిమీదికి జగడమునకు పోవుటయా? వాక్యము ఈ రెంటికిని వేరైన మార్గము చూపుచున్నది.

1. ముందుగా వ్రాసికొనుడి

యిర్మీయా తన తండ్రి తోడబుట్టినవాని కుమారుడగు హనమేలు పొలమును 17 తులముల వెండికి కొనెను. కొన్నవాడు ప్రవక్త, అమ్మినవాడు బంధువు. అయినను పత్రము వ్రాయబడెను, సాక్షులు చేవ్రాళ్లు చేసిరి, పత్రము మంటికుండలో భద్రపరచబడెను. "మనవాడే గదా, కాగితమెందుకు?" అని మనము చెప్పు మాటకు ఇక్కడ తావు లేదు. ఏయే పని, ఎంత కొలత, సామాను ఎవరు తేవలెను, ఎప్పటికి ముగియవలెను అనునవి వ్రాసికొనవలెను. తారీఖును బట్టి గాక, జరిగిన పనిని బట్టి డబ్బు ఇయ్యవలెను: గోడలకు కొంత, స్లాబుకు కొంత, గిలాబుకు కొంత. తలుపులు బిగించి, నీరు పోవు దారి సరిచేయువరకు కడపటి భాగము మనయొద్దనే ఉండవలెను.

2. పని ఆగినప్పుడు ఒంటరిగా వెళ్లుడి

ప్రభువు చూపిన క్రమము ఇది: మొదట తానొక్కడే, పిమ్మట ఒకరిద్దరితో, ఆ పిమ్మట సంఘముతో. మొదట మేస్త్రీ ఎందుకు రాలేదో అడుగుడి. అతని యింట జబ్బు ఉండవచ్చును. వేరొక యజమానుడు అతనికి డబ్బు ఎగవేసి యుండవచ్చును. కారణము న్యాయమైనదైతే క్రొత్త గడువు వ్రాసికొనుడి. కానియెడల, వేరొక మేస్త్రీ చెయ్యి పెట్టకమునుపే, జరిగిన పనిని కొలిపించి ఫోటోలు తీయించుడి. ఇచ్చిన డబ్బు ఎంత, అయిన పని ఎంత అనునది సాక్షుల యెదుట తేల్చుకొని, గడువు పెట్టి ఉత్తరము పంపి, దాని రసీదు దాచుకొనుడి. అతడు మన సంఘస్థుడైతే పెద్దలు విననియ్యుడి; అయితే చందా ఎక్కువ ఇచ్చువాని పక్షము వారు వహింపరాదు.

3. కూలివాని కూలి ఆపకుడి

మేస్త్రీమీది కోపము పలుగు పార పట్టినవానిమీద పడుట తరచుగా జరుగును. యజమానుడు మేస్త్రీకి డబ్బు ఆపును, మేస్త్రీ కూలికి ఆపును. ఆ పూట పొయ్యి వెలుగనిది ఎవరి గుడిసెలో? బిగబట్టిన కూలి దేవునికి మొఱపెట్టునని యాకోబు హెచ్చరించెను. గనుక చేసిన దినముల కూలిని మేస్త్రీ ఎరుకతో నేరుగా కూలివాని చేతికిచ్చి, సంతకము తీసికొని, మేస్త్రీ లెక్కలో తగ్గించుకొనుట మేలు. మన మెదకు దేవాలయమును చూడుడి. కరవు దినములలో పాస్నెట్ దొరగారు ఆకలిగొన్నవారికి పని చూపి, ఆ పనికి అన్నము పెట్టిరి. 1914లో మొదలైన ఆ కట్టడము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను.

4. న్యాయస్థానమునకు పోవుట పాపమా?

సహోదరుల తగవును మొదట సంఘములోనే తీర్చుకొనుడని పౌలు కొరింథీయులకు వ్రాసెను. అయితే న్యాయము దొరకనప్పుడు అదే పౌలు కైసరు ఎదుట చెప్పుకొందుననెను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ఇంటి నిర్మాణమును సేవలలో చేర్చినది. పని చెడిన నాటినుండి రెండేండ్లలోపల సంగారెడ్డిలోని జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు మించనియెడల రుసుము లేదు. వకీలు లేకయు మన మాట మనమే చెప్పుకొనవచ్చును. 1915 అను నంబరుకు ఫోను చేసి సలహా అడుగవచ్చును. స్త్రీలకును పారిశ్రామిక కార్మికులకును ఉచిత న్యాయసహాయమునకు 1987 నాటి చట్టము హక్కు ఇచ్చినది; దానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడుగవలెను. అయితే పోయినది లక్షయైతే లక్షయే చెప్పవలెను. రెండని చెప్పువాడు తన న్యాయమును తానే పాడుచేసికొనును.

మన సంఘములలో మేస్త్రీపని చేయు సహోదరులకును ఒక మాట. జెరుబ్బాబెలు పునాది వేసిన మందిరపు పని ఏండ్ల తరబడి నిలిచిపోయెను. దర్యావేషు రాజు ఏలుబడిలో ఆరవ యేట ముగిసెను. పునాది వేసిన చేతులే ముగించునని జెకర్యా ద్వారా దేవుడు పలికెను. ఆదివారము పాట పాడు నోరు సోమవారము ఇచ్చిన మాటను నిలుపుకొననియెడల, ఆ పాటను ఊరివారు ఎట్లు నమ్ముదురు?

ఆలోచించుటకు:
1. మనము ఇచ్చి ముగింపని మాట, పట్టుకొని విడిచిన పని ఏదైన కలదా?
2. మన యింటి పనిలో ఎవరి కూలియైన మిగిలియున్నదా?
3. సగములో నిలిచిన ఇంటి కుటుంబము వానకాలము గడుపుటకు మన సంఘము ఏమి చేయగలదు?