పాత పుస్తకము - కొత్త భాష

హిందీ నేర్చుకొను తెలుగు బాలునకు సంస్కృత పదములు మిక్కిలి తోడ్పడును. కాని 'ఉపన్యాసము' అను మాటకడ అతడు కాలు జారును. మనకది ప్రసంగము, హిందీవారికి నవల. తెలియని మాటకు నిఘంటువు తెరచి చూతుము. తెలిసినట్లే యున్న మాటకు ఎవరు చూతురు?

కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయు భాషలయందును ఈ చిక్కు కలదు. నెదర్లాండ్సు దేశస్థుడగు గైడో వాన్ రోసమ్ 1991లో పైథాన్ అను భాషను వెలువరించెను. 2008లో వచ్చిన దాని మూడవ రూపము, రెండవ రూపమునకు తోబుట్టువే యైనను, కొన్ని నియమములను కోరి మార్చుకొన్నది. రెండవ రూపమునకు 2020 జనవరి 1తో పోషణ నిలిచిపోయెను. దానిపై వ్రాసిన పుస్తకములు మాత్రము బీరువాలలో నిలిచియున్నవి.

అట్టి పుస్తక మొకటి మా మనుమరాలికి దొరకెను. ఇంటి యంత్రముననున్నది మూడవ రూపము. మొదటి పాఠములోనే, 'ప్రింట్' అను ఆజ్ఞకు కుండలీకరణములు లేవని యంత్రము పని ఆపివేసెను. ఆమె ముఖము చిన్నబుచ్చుకొనెను. "తప్పని చెప్పినది గదమ్మా, మేలే" అంటిని. కుండలీకరణము లుంచగనే పని జరిగెను.

అసలు చిక్కు తరువాత వచ్చెను. ఆటల పోటీకి 45 మందిని రెండు జట్లుగా పంచు లెక్క నామె వ్రాసెను. పుస్తకము ప్రకారము 22 రావలెను. యంత్రము ఏ ఆక్షేపణయు లేక 22.5 అనెను.

"తాతగారూ, ఈ అర పిల్లవాడెవరు?" అని ఆమె అడిగెను.

నవ్వితిని గాని, వెంటనే నా మనస్సు చివుక్కుమన్నది. ఏండ్లతరబడి మార్కుల పట్టికలు కూడినవాడను. కొత్త పుస్తకము చూచి సగటు లెక్క వ్రాసి పాత రూపమున నడిపినచో, 69ని 2చే భాగింపగా 34.5కు బదులు 34 వచ్చును. అర మార్కు మాయమైనదని యంత్రము చెప్పదు. పాపము, ఆ బాలునకును తెలియదు. ఇట్టి పొరపాట్లకు తావుండరాదనియే మూడవ రూపమున ఆ నియమమును మార్చిరి. ఒక వాలుగీత పెట్టిన దశాంశముతో కూడిన ఫలము వచ్చును. పూర్ణభాగమే కావలెనన్న రెండు గీతలు పెట్టవలెను.

ఇప్పుడామె ప్రతి ఉదాహరణమునకును తన జవాబును ముందుగా కాగితముపై వ్రాసికొని, పిదప యంత్రము నడుగుచున్నది. రెండును కలియనిచోట పుస్తకపుటంచున పెన్సిలుతో గుర్తు పెట్టుచున్నది. షరతుల పాఠమున గుర్తులు దాదాపు లేవు. భాగహారమున్న పుటలు మాత్రము నిండిపోయినవి.