నీళ్ళ గొట్టం వెంట వెళ్ళిన జ్వరం

టైఫాయిడ్ రోగిని చేర్చుకునేటప్పుడు “గత మూడు వారాల్లో ఎక్కడి నీళ్ళు తాగారు?” అని అడుగుతాము. మందివ్వక ఈ నీళ్ళ గొడవేమిటని కొందరు బంధువులు విసుక్కుంటారు. ఇది చాలా పాత ప్రశ్న. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లాండులోని మేడ్‌స్టోన్ పట్టణాన్ని గట్టెక్కించినది ఇలాంటి ప్రశ్నే.

1897 సెప్టెంబరులో ఆ ఊళ్ళో ఒక్కసారిగా టైఫాయిడ్ లేచింది. అప్పటికి అక్కడ 1889 నాటి చట్టమొకటి ఉంది. అంటువ్యాధి వస్తే డాక్టరే కాదు, ఇంటి పెద్ద కూడా పట్టణ ఆరోగ్యాధికారికి తెలియజేయాలి. దాచిపెడితే జరిమానా. అలా అందిన చిరునామాలను నీటి గొట్టాలతో పోల్చి చూశారు. ఊరికి వేర్వేరు ఊటల నుండి నీళ్ళు వచ్చేవి. జబ్బుపడిన ఇళ్ళలో ఎక్కువ భాగం ఫార్లీ ఊటల నీళ్ళు తాగేవే!

టైఫాయిడ్ క్రిమి కడుపులో పడిన ఒకటి నుండి మూడు వారాలకు గాని జ్వరం రాదు. అందుచేత ఈ రోజు తాగిన నీటిని చూస్తే లాభం లేదు, వెనక్కి వెళ్ళి వెతకాలి. వెతికితే, ఆ వేసవి చివర హాప్ పంట కోతకు వచ్చిన కూలీలు ఊటల దగ్గర మకాం వేసినట్టు తేలింది. వారికి సరైన మరుగుదొడ్లు లేవు. మలంలోని క్రిములు ఊటలో కలిశాయని అనుమానించారు. నా మట్టుకు, ఆ తప్పు కూలీలది కాదు, పని చేయించుకుని దొడ్డి కట్టించనివారిది.

ఫార్లీ నీటిని ఆపేశారు. నీళ్ళు కాచి తాగమని చెప్పారు. సిమ్స్ వుడ్‌హెడ్ అనే డాక్టరు సలహాతో గొట్టాలను బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీటితో శుద్ధి చేశారు. నేడు మన ఊరి బావుల్లో వేసేది ఆ పౌడరే.

టైఫాయిడ్‌ను నయం చేసే మందు 1948 వరకు లేదు. కాబట్టి అప్పట్లో చేయగలిగిందల్లా ఒళ్ళు తుడవడం, పలుచని ఆహారం పట్టడం, మలమూత్రాలలో క్రిమిసంహారక మందు కలిపి పారవేయడం, పక్కబట్టలు వేరుగా ఉడకబెట్టడం. ఈ సేవకు లండన్ నుండి వచ్చిన నర్సులలో ఎడిత్ కావెల్ ఒకరు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులను తప్పించినందుకు 1915లో జర్మన్లు కాల్చి చంపినది ఈమెనే.

మేడ్‌స్టోన్‌లో సుమారు 1,900 మందికి జబ్బు సోకింది. 132 మంది చనిపోయారు.