చూపు కుక్కది – దారి మనిషిది



కుక్క విశ్వాసం గల జంతువని చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. ఇల్లు కాస్తుంది, మందను కాస్తుంది, పోలీసులకు దొంగల జాడ చెబుతుంది. వీటన్నిటి కంటే కష్టమైన పని మరొకటి ఉంది. అది చూపులేని మనిషిని రద్దీ రోడ్డు మీద క్షేమంగా నడిపించడం. ఈ పని చేసే కుక్కలను ‘గైడ్ డాగ్స్’ అంటారు. వాటికి శిక్షణ ఎలా ఇస్తారో, వాటిని తీసుకునే వారు ఏం నేర్చుకోవాలో తెలుసుకుందాం.

ఎలా మొదలైంది?

మొదటి ప్రపంచ యుద్ధం (1914–18)లో ఎంతోమంది సైనికులు చూపు కోల్పోయారు. వారి కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో డాక్టర్ గెర్హార్డ్ స్టాలింగ్ మొదటి గైడ్ డాగ్ శిక్షణ పాఠశాల ప్రారంభించారు. తర్వాత పోట్స్‌డామ్‌లోనూ ఇలాంటి పాఠశాల వచ్చింది. దాన్ని చూసిన డొరోతీ యూస్టిస్ అనే అమెరికన్ మహిళ 1927లో ఒక అమెరికా పత్రికలో వ్యాసం రాశారు. నాష్‌విల్ పట్టణంలో మోరిస్ ఫ్రాంక్ అనే చూపులేని యువకునికి తండ్రి ఆ వ్యాసం చదివి వినిపించాడు. తనకు శిక్షణ ఇప్పిస్తే తిరిగి వచ్చి తనలాంటి వారికి సాయపడతానని అతను ఆమెకు ఉత్తరం రాశాడు.

1928లో స్విట్జర్లాండ్ వెళ్ళి, అక్కడ ఆమె శిక్షణ కేంద్రంలో ‘బడ్డీ’ అనే జర్మన్ షెపర్డ్‌తో నడక నేర్చుకున్నాడు. తిరిగి వచ్చి న్యూయార్క్‌లో విలేకరుల కళ్ళెదుటే వాహనాలతో కిక్కిరిసిన వీధిని దాటాడు. ఇచ్చిన మాట ప్రకారం 1929లో యూస్టిస్‌తో కలిసి ‘ది సీయింగ్ ఐ’ సంస్థను స్థాపించాడు. ఆ సంస్థ ఇప్పటికీ న్యూజెర్సీ రాష్ట్రంలో పనిచేస్తోంది.

శిక్షణలోని దశలు

1. పెంపకం: ఎక్కువగా లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ జాతులను ఎంచుకుంటారు. పిల్లకు ఏడెనిమిది వారాలు రాగానే ఒక స్వచ్ఛంద కుటుంబానికి అప్పగిస్తారు. వారు ఏడాదికి పైగా దాన్ని పెంచి బజారు, బస్సు, మెట్లు, జనం, చప్పుళ్ళు అలవాటు చేస్తారు. ఆ తర్వాత ప్రేమగా పెంచిన పిల్లను తిరిగి ఇచ్చేస్తారు.

2. బడి చదువు: తర్వాత కొన్ని నెలల పాటు నిపుణులు శిక్షణ ఇస్తారు. గట్టి పిడి ఉన్న పట్టీని కుక్కకు తొడుగుతారు. దీన్ని ‘హార్నెస్’ అంటారు. కుక్క ఆగినా, మలుపు తిరిగినా ఆ పిడి ద్వారా మనిషి చేతికి తెలుస్తుంది. రోడ్డు అంచు వస్తే ఆగడం, గుంటలను తప్పించడం నేర్పుతారు. తల ఎత్తున వేలాడే కొమ్మ కుక్కకు తగలదు, కానీ మనిషికి తగులుతుంది. అందుకే తన ఎత్తునే కాక మనిషి ఎత్తును కూడా చూసి నడవడం నేర్పుతారు.

3. మాట వినకపోవడం: ఇది అన్నిటి కంటే గొప్ప పాఠం. యజమాని ‘ముందుకు’ అన్నా, ఎదురుగా వాహనం వస్తుంటే కుక్క కదలకూడదు. దీన్ని ‘తెలివైన ధిక్కారం’ అనవచ్చు. మాట వినడం నేర్చిన తర్వాతే, ఎప్పుడు వినకూడదో నేర్పుతారు.

4. జత కుదర్చడం: మనిషి నడక వేగం, ఎత్తు, బలం, చేసే ఉద్యోగం, ఉండే ఊరు అన్నీ చూసి తగిన కుక్కను కేటాయిస్తారు. నెమ్మదిగా నడిచే వారికి దూకుడు కుక్కను ఇస్తే ఇద్దరికీ కష్టమే.

అన్ని కుక్కలూ ఈ శిక్షణలో నెగ్గవు. నెగ్గనివి పనికిరానివని అర్థం కాదు. కొన్ని వేరే పనుల్లో రాణిస్తాయి, కొన్ని ఇళ్ళలో హాయిగా పెరుగుతాయి.

యజమానికీ శిక్షణే!

కుక్కే దారి తెలుసుకుని తీసుకుపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఎక్కడికి వెళ్ళాలో, ఎక్కడ మలుపు తిరగాలో మనిషికే తెలిసి ఉండాలి. సిగ్నల్ చూసి కుక్క రోడ్డు దాటించదు. ఎరుపు, ఆకుపచ్చ రంగులను అది మనలా వేరుచేసి చూడలేదు. వాహనాల చప్పుడు విని ఎప్పుడు దాటాలో మనిషే నిర్ణయిస్తాడు. అది క్షేమమో కాదో కుక్క సరిచూస్తుంది.

అందుకే యజమాని కూడా కొన్ని వారాలు కుక్కతో కలిసి శిక్షణ పొందాలి. ఆజ్ఞలు ఇవ్వడం, పిడి ద్వారా వచ్చే కదలికను గ్రహించడం, మంచిపని చేసిన వెంటనే మెచ్చుకోవడం, తిండి పెట్టడం, శుభ్రం చేయడం అన్నీ నేర్చుకోవాలి. సాధారణంగా ఎనిమిది, పదేళ్ళ వయసు వచ్చేసరికి కుక్కకు విశ్రాంతి ఇచ్చి కొత్తదాన్ని తీసుకుంటారు.

ఇక్కడ గమనించదగ్గ విషయం ఒకటుంది. ఒక్కో కుక్కను తయారుచేయడానికి వేల డాలర్లు ఖర్చవుతాయి. అయినా ‘ది సీయింగ్ ఐ’ మొదటి కుక్కకు 150 డాలర్లు మాత్రమే తీసుకుంటుంది. తీసుకునే మనిషి తన వంతు చెల్లించానని తలెత్తుకుని నిలబడాలన్నదే ఆ రుసుము వెనుక ఉన్న ఉద్దేశం.

మనం గుర్తుంచుకోవలసినవి

* హార్నెస్ వేసుకున్న కుక్క పనిలో ఉన్నట్టు లెక్క. దాన్ని నిమరకూడదు, పిలవకూడదు, తినడానికి ఏమీ పెట్టకూడదు.

* మన రోడ్ల మీద గైడ్ డాగ్ అరుదు, తెల్లకర్రే ఎక్కువగా కనిపిస్తుంది. తెల్లకర్రతో ఉన్న వారిని చెయ్యి పట్టి లాగకండి. “సాయం కావాలా అండీ?” అని ముందు అడగండి. కావాలంటే మీ మోచేతిని వారిని పట్టుకోనిచ్చి, ఒక అడుగు ముందు నడవండి.

* వద్దంటే నొచ్చుకోకండి.

మిత్రులారా! సంక్షేమ హాస్టల్లో చదువుకున్న మనకు సాయం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. సాయం తీసుకోవడం చిన్నతనం కాదు. కుక్క ముందు నడిచినా దారి నిర్ణయించేది మనిషే. అలాగే హాస్టల్ మనకు అన్నం, పుస్తకం, చోటు ఇస్తుంది. ఎక్కడికి చేరాలో మనమే నిర్ణయించుకోవాలి. చేరిన తర్వాత మోరిస్ ఫ్రాంక్‌లా వెనక్కి వచ్చి, మన వెనుక వచ్చే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చేయూతనివ్వాలి.