బూడిదని నమ్మకు తల్లీ

డులూత్, మిన్నెసోటా
అక్టోబరు 12

చి॥ల॥సౌ॥ బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. వెర్మాంట్‌లో పాత ఇల్లు కొన్నారని, హాల్లో పోత ఇనుప కట్టెల పొయ్యి ఉందని చదివి ముచ్చటపడ్డాను. కానీ "మొన్న సరదాకి వెలిగించాం, పొద్దున్నే బూడిద కాగితం సంచిలోకి ఎత్తి వెనకాల డెక్ మీద పెట్టాం" అన్నావు చూడు, అక్కడ నా గుండె జారిపోయింది. చెక్క డెక్ మీద కాగితం సంచీయా తల్లీ!

ముందు పొయ్యి సంగతి. పాతవాళ్లు ఇన్నేళ్లు వాడారు కదా అనుకోవద్దు. సర్టిఫికెట్ ఉన్న చిమ్నీ స్వీప్‌ని పిలిచి, లోపల ఆసాంతం చూసి కాగితం మీద రాసిమ్మనండి. ఊళ్లో పర్మిట్ కావాలేమో కనుక్కోండి, ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పండి. పొయ్యి మీద టెస్టింగ్ లేబొరేటరీ పలక ఉంటే దాని మీద రాసిన దూరాలే పాటించాలి. పలక లేకపోతే చెక్క గోడకీ పొయ్యికీ మధ్య 36 అంగుళాలు, ఒంటిపొర గొట్టానికైతే 18 అంగుళాలు ఎడం ఉండాలి. గొట్టం అతుకు ప్రతిదానికీ మూడు స్క్రూలు పడాలి. పై ముక్క కింది ముక్క లోపలికి దిగాలి, లేకపోతే తారు బయటికి కారుతుంది. చిమ్నీ కప్పుని దాటిన చోటి నుంచి 3 అడుగులు పైకి లేవాలి. చుట్టూ 10 అడుగుల్లో ఏమున్నా దానికన్నా 2 అడుగులు ఎత్తుండాలి. అల్లుడుగారు తనే బిగిస్తానంటున్నారట. ఆయన పనితనం నాకు తెలుసు. అయినా ఆ నిటారు కప్పు ఎక్కనివ్వకు.

కట్టె ఎండాలి. అప్పుడే కొట్టిన కట్టెలో దాదాపు సగం బరువు నీళ్లే. తేమ 20 శాతానికి దిగాకే పొయ్యిలో పెట్టాలి. ఓక్ అయితే రెండేళ్లు ఆరబెట్టినా ఎక్కువ కాదు. పచ్చికట్టె పెట్టినా, రాత్రంతా నిప్పు నిలవాలని గాలి పూర్తిగా మూసేసినా పొగ చల్లబడి గొట్టం లోపల క్రియోసోట్‌గా పేరుకుంటుంది. అది అంటుకుంటే చిమ్నీలో రైలు వెళ్తున్నంత మోత వస్తుంది. ఆ మోత వినిపిస్తే గాలి మూసేసి, ఇద్దరూ బయటికి పరిగెత్తి 911కి ఫోన్ చేయండి. అంతవరకూ రాకుండా ఏడాదికోసారి చిమ్నీ చూపించండి. మసి అంగుళంలో ఎనిమిదో వంతు మందం చేరితే ఆగకుండా తీయించండి.

గొట్టం తుడవకపోతే ఏమవుతుందో మన ఇంట్లోనే చూశాం. 1950ల్లో హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు పొగలేని పొయ్యి తయారుచేశారు. తాతయ్య ఎక్కడో చూసొచ్చి, అలాంటిదే మట్టితో వేయించారు. కొన్నాళ్లు అమ్మమ్మ కళ్లు తుడుచుకోకుండా వంట చేసింది. తర్వాత గొట్టాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. మసి పూడి పొగ తిరిగి వంటింట్లోకే వచ్చింది. పొయ్యే మంచిది కాదని పగలగొట్టేశారు. అమ్మమ్మ దగ్గు నీకు గుర్తుండే ఉంటుంది.

ఇక బూడిద. విసుక్కోకుండా చదువు.

అమ్మమ్మ రాత్రి వంటయ్యాక నిప్పులు ఓ మూలకి చేర్చి బూడిద కప్పేది. తెల్లవారి అది తోసి, కొబ్బరి పీచు పెట్టి, ఊదుగొట్టంతో ఊదితే మంట లేచేది. నిప్పు చావకుండా కాపాడటానికే బూడిద కప్పేది బుజ్జీ! కాగితం సంచిలో నువ్వు చేసిందీ అదే. పైన చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది. లోపల నిప్పు నాలుగు రోజులైనా ఉండొచ్చు. మన వీధిలో తాటాకిళ్లు వరసగా కాలిన వేసవి గురించి మీ అమ్మనడుగు. ఎవరో పొద్దున బూడిద పెంటపోగు మీద పోశారు. మధ్యాహ్నం వడగాలి లేచింది. నేనూ మీ అమ్మా దూడని విప్పుకుని కాలవగట్టుకి పరిగెత్తాం. ఆ కాలిన తాటాకు వాసన నన్నింకా వదల్లేదు.

అందుకని ఇనుప బకెట్టు, బిగుతైన మూత ఉన్నది కొను. ఇనుప పారతో అందులోకే ఎత్తి, వెంటనే మూతపెట్టి, ఇంటికి కనీసం 10 అడుగుల దూరంలో నేల మీదో రాయి మీదో పెట్టు. డెక్ మీద వద్దు, గ్యారేజీలో వద్దు. ప్లాస్టిక్ చెత్తడబ్బా, అట్టపెట్టె, వాక్యూమ్ క్లీనర్ దాని దగ్గరికి రానివ్వకు. వారం గడిచాక టమాటా మడిలో కొద్దిగా చల్లుకో. బ్లూబెర్రీ పొదలకి మాత్రం వేయకు, వాటికి ఆమ్లపు నేల కావాలి. ఆ పొదల ఫొటో చూశానులే, ఎంత బావున్నాయో!

పడకగదుల దగ్గర, ప్రతి అంతస్తులో పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించు. ఆ వాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇంత దూరం నుంచి సాధిస్తున్నాననుకోకు. చలికి నీ చేతులు పగులుతాయని తెలుసు, ఆ పొయ్యి దగ్గర నువ్వు వెచ్చగా కూర్చోవాలనే నా కోరిక కూడా. బకెట్టు కొన్నాక ఒకటి, స్వీప్ రాసిచ్చిన కాగితానిది ఒకటి, రెండు ఫొటోలు పంపు. అవి వచ్చేదాకా పొయ్యి వెలిగించకు. వచ్చిన రోజే మీకు మాగాయ పార్సెల్ చేస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ