నీలం ఎక్కిన అంచును నమ్మొద్దు
జంగ్లీఘాట్ చేపల జెట్టీ పనివాళ్ళకు: ఉక్కు సామాను విషయంలో చేయవలసినవి, చేయకూడనివి

శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి అండమాన్‌లోని జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డ మన మత్స్యకారుల చేతిలో పొద్దున లేచింది మొదలు ఉక్కే. సూర చేపను చీల్చే కత్తి, కోనాన్ని పట్టే గాలం, కొబ్బరిబోండాం కొట్టే కత్తి, ఇంజన్‌ను బిగించే బోల్టు, అన్నీ అదే. ఉప్పుగాలికి తుప్పు పట్టిన సామాను కంటికి కనిపిస్తుంది కాబట్టి పక్కన పారేస్తాం. వేడి తగిలి గుణం చెడిన ఉక్కు పైకి మామూలుగానే ఉంటుంది. భయపడవలసింది దానికి.

ఉక్కును ఎర్రగా, 800 డిగ్రీలు దాటేదాకా కాల్చి ఒక్కసారిగా ముంచితే లోపలి కార్బన్ విడిపడే వ్యవధి లేక అక్కడే ఇరుక్కుంటుంది. ఉక్కు బాగా గట్టిపడుతుంది, గాజులా పెళుసుగానూ మారుతుంది. దానికి మళ్ళీ తక్కువ వేడి చూపించి బిగువు సడలించడమే టెంపరింగ్. కార్బన్ సన్నటి రేణువులుగా బయటపడి, గట్టిదనం కొంత తగ్గి, దెబ్బకు ఓర్చుకునే గుణం వస్తుంది. ఈ లెక్క ఆ వేడి వరకే. టెంపర్ చేసిన వేడిని మించి మరో మంట చూపించారంటే గట్టిదనం ఇంకా పడిపోతుంది. దాన్ని మళ్ళీ తెచ్చుకోవాలంటే మొదటి నుంచి కాల్చి ముంచాల్సిందే.

చేయవలసినవి

లారీ కమాన్ కట్ట ముక్కతో కత్తి చేయించుకునేవాళ్ళు ముంచడానికి నూనె వాడమని కమ్మరికి చెప్పండి. నూనె ఇనప డబ్బాలో ఉండాలి, దానికి సరిపడే మూత పక్కనే ఉండాలి, పొడి ఇసుక బకెట్ చేతికి అందాలి. పొడవాటి పట్టకారుతో కత్తిని మొత్తం లోపలికి ముంచండి. సగం ముంచి ఆపితే నూనె మట్టం దగ్గరే మంట లేస్తుంది.

ముంచిన కత్తిని ఆ పూటే టెంపర్ చేయండి. రేపు చూద్దామని వదిలేస్తే, ఎవరూ ముట్టుకోకుండానే లోపలి బిగువుకు బీట వారిన కత్తులు ఉన్నాయి. ముందు సానరాయితో ఒక పక్క తెల్లగా మెరిసేలా రుద్దండి. కత్తి వీపును వేడి ఇనుము మీద ఆనించి చూస్తూ ఉండండి. వీపు నుంచి అంచు వైపు రంగులు నడుస్తాయి: లేత గడ్డి రంగు, ముదురు గడ్డి రంగు, గోధుమ, వంగపండు రంగు, నీలం. గడ్డి రంగు సుమారు 220 నుంచి 240 డిగ్రీలు, నీలం 300 దగ్గర. చేపల కత్తి అంచుకు గడ్డి రంగు చేరగానే తీసేయండి. ఓవెన్ ఉంటే ఇంకా నయం: 220 డిగ్రీల్లో గంటసేపు, చల్లారాక ఇంకో గంట. ఎండలో కొలిమి పెట్టి రంగులు చూడకండి, కన్ను మోసపోతుంది.

ఏ ఉక్కో తెలియని ముక్క అయితే రంగును గుడ్డిగా నమ్మకండి. కొన్ని ఉక్కుల్లో 260 నుంచి 370 డిగ్రీల మధ్య ఓర్పు పెరగకపోగా తగ్గుతుంది. ముందు చిన్న తుంటను అదే విధంగా కాల్చి, ముంచి, టెంపర్ చేసి, గుడ్డలో చుట్టి విరిచి చూడండి. స్టెయిన్‌లెస్ కత్తికి ఈ రంగుల లెక్క అసలు వర్తించదు. క్రోమియం వల్ల అదే రంగు ఇంకా ఎక్కువ వేడి దగ్గర వస్తుంది.

గ్రైండర్ మీద పదును పెట్టేటప్పుడు ఒక్కో వరసకు కత్తిని నీళ్ళలో ముంచండి. అంచు పలచన కాబట్టి మొదట వేడెక్కేది అదే. వేలికి కాక తగిలిందంటే ఆగండి. కళ్ళద్దాలు తప్పనిసరి. నూలు చేతితొడుగులు వద్దు, తిరిగే చక్రం వాటిని చెయ్యితో సహా లాగేస్తుంది. అంచున నీలం కనిపించిందా, అక్కడ పదును నిలవదు. నీళ్ళలో ముంచితే రంగు ఆగుతుందేమో గానీ పోయిన గట్టిదనం రాదు. నీలం ఉన్నంత మేరా నెమ్మదిగా అరగదీసి కొత్త అంచు తీయండి. మొద్దు కత్తే చేప పొలుసు మీద జారి చేతిని కోస్తుంది.

చేయకూడనివి

సముద్రం పక్కనే ఉంది కదా అని కమాన్ కట్ట ఉక్కును ఉప్పునీళ్ళలో ముంచకండి. ఉప్పునీరు మంచినీటి కన్నా వేగంగా వేడిని లాగేస్తుంది, ఆ విసురుకు కత్తి చీలిపోతుంది.

పిడి ఊడిన కత్తి తోకను ఎర్రగా కాల్చి కర్రలోకి దిగగొట్టడం చాలా చోట్ల అలవాటు. ఆ వేడి మెల్లగా అలుగులోకి పాకుతుంది. మానేయడమే మంచిది. కర్రకు రంధ్రం చేసి బిగించుకోండి. తప్పదనుకుంటే అలుగుకు తడిగుడ్డ దట్టంగా చుట్టి, తోక కొసను మాత్రమే కాల్చండి.

వంగిన గాలాన్ని మంట మీద పెట్టి సరిచేయకండి. చల్లగా వంచినా దాని బలం అనుమానమే. పారేయండి, గాలం ఖరీదెంత!

ఉప్పుకు పట్టేసిన ఇంజన్ బోల్టును గ్యాస్ మంటతో ఊడదీయడంలో తప్పు లేదు, దగ్గర్లో పెట్రోలు, డీజిలు లేకుండా చూసుకుంటే. ఊడిన దాన్ని మళ్ళీ బిగించడమే తప్పు. తల మీద 8.8, 10.9 అని అంకెలుంటే అది కాల్చి ముంచి, 425 డిగ్రీలకు తగ్గకుండా టెంపర్ చేసిన బోల్టు. ఎర్రబడిందంటే ఆ అంకె ఇక అబద్ధం. 12.9 బోల్టు తుప్పును యాసిడ్‌తో కడగొద్దు. హైడ్రోజన్ లోపలికి చేరి, బిగించిన కొన్ని గంటలకో రోజులకో టప్పున తెగుతుంది. బరువులెత్తే గ్రేడ్ 80 గొలుసు కూడా టెంపర్ చేసినదే, తెగిన లంకెను వెల్డింగ్‌తో అతకకండి.

జింకు పూత ఉన్న పైపును, గొలుసును కొలిమిలో పెట్టకండి. ఆ తెల్లటి పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం. నూనె అంటుకుంటే నీళ్ళు పోయొద్దు, మూత వేయండి.

ఆకురాయిని గునపంలా వాడొద్దు, సుత్తితో కొట్టొద్దు. పళ్ళు గట్టిగా ఉండాలని దాన్ని అతి తక్కువగా టెంపర్ చేస్తారు, పెంకుల్లా ఎగురుతుంది. సుత్తిని సుత్తితో కొట్టడమూ అంతే. ఉలి తల దెబ్బలకు పుట్టగొడుగులా విచ్చుకుంటే ఆ అంచులు అరగదీశాకే వాడండి.

ఇల్లు కట్టుకునేవాళ్ళకూ ఒక మాట. అండమాన్ భూకంపాల ముప్పు ఎక్కువగా ఉన్న ప్రాంతం. 2004 డిసెంబరు 26 నాటి భూకంపాన్ని ఇక్కడెవరూ మరిచిపోలేదు. టీఎంటీ కడ్డీ పైపొరను మిల్లులో నీటితో చల్లారుస్తారు, లోపలి వేడే బయటికి వచ్చి దాన్ని టెంపర్ చేస్తుంది. కడ్డీ బలమంతా ఆ పొర, లోపలి మెత్తని భాగం కలిస్తేనే. వంచడానికి దాన్ని కాల్చే మేస్త్రీని ఆపండి.

ఉక్కు రవ్వ కంట్లో పడితే నలపొద్దు, నీళ్ళు గట్టిగా చిమ్మొద్దు, గుచ్చుకున్నది లాగొద్దు. కంటికి నొక్కుడు లేకుండా కాగితం కప్పు లాంటిది పైన కప్పి జీబీ పంత్ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. సన్నటి రవ్వ లోపలికి దూసుకుపోయినా ఒక్కోసారి నొప్పి ఉండదు, చూపూ వెంటనే తగ్గదు. అయినా వెళ్ళాల్సిందే. సుత్తి దెబ్బకు ఎగిరిన ఉక్కు ముక్క అని డాక్టరుకు ముందే చెప్పండి. ఎంఆర్ఐ యంత్రం అయస్కాంతం, కంట్లోని రవ్వను కదిలిస్తుంది. అందుకే ముందు ఎక్స్‌రేనో సీటీనో తీస్తారు.