పీరీల గుండం కాడ నేర్చుకున్నవి

1. మా మేడిపల్లి దిక్కు మొహర్రంల పీరీలు లేస్తే ఊరంతా కదులుతది. గుండం చుట్టూ ఆడేటోళ్లల్ల, మొక్కులు అప్పజెప్పేటోళ్లల్ల హిందువులే ఎక్కువ. ఇట్లాంటి ఊర్లకు ద్వేషం అంటుకోదని చాలా ఏండ్లు నమ్మిన. అది నా తప్పు. 2020 మార్చిల కరీంనగర్‌కు వచ్చిన ఇండోనేషియా మతప్రచారకులు 10 మందికి కరోనా తేలింది. ఆ తర్వాత, రోజూ పండ్లమ్మే ముస్లిం మనిషిని మా వాడకట్టుకు రావద్దన్నరు. ఏండ్ల సంది ఆయన దగ్గర కొన్నోళ్లే అన్నరు.

2. ద్వేషం వద్దని మైకు పెట్టి చెప్తే ఎవరూ వినరు. బీడీలు చుట్టే అరుగు మీద కూసుంటే వింటరు. అక్కడ దుబాయి ముచ్చట రాకుండ పొద్దుగూకదు. సిరిసిల్ల జిల్లా మనుషులు కొందరు ఒక హత్య కేసుల దుబాయి జైల్ల 18 ఏండ్ల దాకా ఉండి, 2024ల ఇల్లు చేరిన్రు. ఆ తల్లుల దుఃఖం మాదిక్కు అందరికీ ఎరుకే. “విచారణ అయితే లేదు, ఎప్పుడొస్తడో తెల్వదు అని జైల్ల ఉన్న కొడుకు కోసం ఎదురుచూసే ముస్లిం తల్లిది ఏ దుఃఖమమ్మా?” అని అడిగిన. తునికాకు కత్తిరించే చేతులు ఆగినయ్.

3. చట్టం కొంతన్న నేర్చుకోవాలె. పట్టుకపోయినోళ్లను 24 గంటల్ల మేజిస్ట్రేట్ ముందు పెట్టాలె. ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కేసుల కోర్టు ఒప్పుకుంటే చార్జిషీటుకే 180 రోజుల దాకా పట్టొచ్చు. బెయిలు మరీ కష్టం. అయినా విచారణ ఏండ్ల కొద్దీ సాగితే ఆ కేసుల్ల గూడ బెయిలు ఇయ్యొచ్చని 2021ల సుప్రీంకోర్టు నజీబ్ కేసుల చెప్పింది. వకీలును పెట్టుకోలేనోళ్లకు జగిత్యాల కోర్టుల న్యాయసేవా సంస్థ ఉన్నది.

4. విడుదలైతే అయిపోదు. 2007 మే 18న మక్కా మసీదుల బాంబు పేలినంక హైదరాబాద్‌ల ఎందరో ముస్లిం పిలగాండ్లను పట్టుకపోయిన్రు. వాళ్లను ఎట్ల హింసించిన్రో మైనారిటీ కమిషన్ పంపిన న్యాయవాది రవిచందర్ నివేదికల రాసిన్రు. కోర్టులు నిర్దోషులన్నంక సర్కారు పరిహారంతోపాటు మంచి నడవడి పత్రాలు గూడ ఇచ్చింది. తప్పు చెయ్యనోడు మంచోడినని కాగితం పట్టుకొని తిరుగుడా! నాకు ఇప్పటికీ మింగుడు పడదు. తర్వాత 2013ల ఆ పరిహారాన్ని హైకోర్టు కొట్టేసింది.

5. జామీను కాడ మాటలు పనికిరావు. బెయిలు దొరికినా జామీనుదారు లేక లోపలే ఉండేటోళ్లున్నరు. ఒక ముస్లిం తల్లి వచ్చి అడిగిన రోజు నా కొడుకు వద్దన్నడు. పాసుపుస్తకం సంచిల పెట్టుకొని జగిత్యాల బస్సెక్కిన. అరుగు మీది బీడీల అక్క ఒకామె, “పెద్దయ్యా, నా ఇంటిపన్ను రసీదు పనికొస్తదా?” అనుకుంట ఎనక సీట్ల కూసున్నది.