డైట్ గ్రూపులో బిడ్డను ఒంటరిగా వదలొద్దు

గని ఉన్న తుమ్మలపల్లె లాంటి ఊర్లలో కూడా ఇప్పుడు హైస్కూలు పిల్లల ఫోన్లలో నడక యాప్‌లు, డైట్ గ్రూపులు కనిపిస్తున్నాయి. చూసి గాబరా పడి ఫోన్ లాక్కోకండి. తిండి మార్చే బలం వాటికి నిజంగానే ఉంది. మన ప్రొద్దుటూరులో పుట్టిన ఖాదర్ వలీ చిరుధాన్యాల గురించి చెప్పిన మాటలు యూట్యూబ్, వాట్సాప్‌ల మీదే ఊరూరా పాకాయి. పేదల తిండని మనమే పక్కన పెట్టిన కొర్రలు, సామలు, అరికెలు మళ్లీ అంగళ్లకెక్కాయి. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం జరిపిందీ ఆ ఏడాదే.

అదే ఫోన్లో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన, అన్నం మాని కొవ్వులు తినే డైట్ కూడా ఇంటింటికీ వచ్చింది. అన్నం మానడం పెద్దవాళ్ల ఇష్టం. పద్నాలుగేళ్ల బిడ్డకు ఎముకలింకా పెరుగుతుంటాయి, డాక్టరును అడక్కుండా ఏ డైటూ పెట్టొద్దు.

బిడ్డ ఉన్న గ్రూపులో అమ్మో నాయనో కూడా చేరాలి. అంతకన్నా మేలైంది, ఇంటికే ఒక గ్రూపు పెట్టుకోవడం. అవ్వ, బెంగళూరులో ఉన్న చిన్నాయన, అందరూ అందులో ఉండాలి. కేజీల లెక్క మాత్రం వద్దు. లావు, బక్క అనే మాట పడిన ఆడపిల్ల రాత్రి ముద్ద ముట్టకుండా పడుకుంటుంది. ఏం తిన్నాం, ఎంతసేపు ఆడాం అన్నదే పెట్టండి. అవ్వ తెడ్డుతో రాగి సంగటి కెలికి, చెయ్యి తడి చేసుకుని ముద్ద కట్టి, పక్కన ఊరిబిండి వేసే వీడియో బిడ్డతోనే తీయించండి. తీసిన బిడ్డ ఆ ముద్ద తింటుంది.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మన ఎండలకు అది తెల్లవారుజామునో, పొద్దు వాలాకో కుదరాలి. గనిలో షిఫ్టుకు పోయే నాయన కూడా సెలవు రోజైనా బిడ్డతో నడవాలి. తను మంచం దిగకుండా అడుగులు లెక్కపెట్టమంటే ఏ బిడ్డా వినదు.

మన తిండ్లలో ఏముందో చూసుకోవడానికి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ న్యూట్రిఫై ఇండియా నౌ అనే యాప్ చేసింది. ఏ యాప్ వాడినా బిడ్డ ఫొటో, బరువు, బడి పేరు తెలియనివాళ్లకు పోనీయొద్దు. 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 డేటా రక్షణ చట్టంలోనూ రాశారు.

పౌడర్ అమ్మే గ్రూపు, మందులు మానమనే గ్రూపు కనబడితే ఆ రోజే బయటికి రండి. ఎందుకు వచ్చేశారో బిడ్డకు కూర్చోబెట్టి చెప్పండి.